పాత చిత్రములు చూడనేర్చుట

గడచిన మహాశివరాత్రికి మేము శ్రీముఖలింగమునకు పోయియుంటిమి. వంశధార యొడ్డున నున్న ఆ గ్రామమున మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మూడును వేయేండ్లనాటి శిల్పసంపదతో నిలిచియున్నవి. తూర్పు గాంగుల తొలి రాజధానియగు కళింగనగరము ఇదియేయని చరిత్రకారులు చెప్పుదురు. మా అప్పగారి యత్తవారిల్లు ఆ యూరనే కలదు. సాయంకాలము స్వామి దర్శనము చేసికొని, ఉపవాసముతో ఇల్లు చేరి, జాగరణకు సిద్ధపడితిమి.

శివరాత్రి జాగరణకు మన ప్రాంతమున భజనయు, పురాణశ్రవణమును, హరికథయు గాక మరియొక సాధనము కూడ చిరకాలముగా కలదు. ఆ రాత్రి పట్టణములలోని సినిమాహాళ్ళు తెల్లవార్లు ఆటలు వేయుట వాడుక. మగవారును, పిల్లకాయలును ఒక హాలునుండి మరియొక హాలునకు పరుగులిడి, రెండు మూడు చిత్రములు చూచి, ఎర్రబడిన కన్నులతో తెల్లవారి స్నానమునకు పోయెడివారు. ఇంటి ఆడువారికి ఆ యదృష్టము తరచుగా లభించెడిది కాదు. ఉపవాసముండువారు వారే, మరునాటి పారణకు పప్పు నానవేయువారును వారే. ఇప్పుడు టెలివిజను ఇంటికే వచ్చినది. అందుచేత డెబ్బదియేండ్లు నిండిన మా అప్ప, "ఈ రాత్రి మా కాలపు బొమ్మలు చూదాము" అని ముచ్చటపడినది. 1970 మొదలు 1980 వరకు వచ్చిన చిత్రములే ఆమె దృష్టిలో "మా కాలపు బొమ్మలు". ముందుగా 1975 సంవత్సరమున బాపు తీసిన "ముత్యాలముగ్గు" పెట్టించినది.

కథ మీలో పెక్కుమందికి తెలిసినదే. దుర్మార్గులు పన్నిన వలలో చిక్కి భర్త నిర్దోషియైన భార్యను శంకించి విడిచిపెట్టును. ఆమె కవలలను కనును. తుదకు ఆ బిడ్డలే తల్లిదండ్రులను కలుపుదురు. ఉత్తర రామాయణపు ఛాయ దీనియందు స్పష్టముగా కలదు. అప్ప కన్నార్పక చూచుచుండెను. కాలేజీలో చదువుచున్న మనుమలిరువురు ఆనాటి దుస్తులను, జుట్టు కత్తిరింపులను చూచి నవ్వుకొనుచుండిరి. ఆమె కోడలు నరసన్నపేటలో ఒక పాఠశాలయందు ఉపాధ్యాయిని. తెలివిగలది, మంచి మనసుగలది. భార్యను భర్త విడిచిన ఘట్టమునకు వచ్చుసరికి ఆమె యోపికపట్టలేక, "ఏటత్తా ఇది! ఆవిడ నోరు విప్పి నాలుగు మాటలు అడిగితే కథ అరగంటలో అయిపోను గదా! ఏ తప్పూ చెయ్యనిది ఏడుస్తూ ఎందుకెళ్ళిపోవాల?" అనెను. పిల్లలు ఫక్కున నవ్విరి.

అప్ప మారుమాటాడలేదు. కొంగుతో కన్నులొత్తుకొని, "పోనీలెండమ్మా, ఇంకేదైనా పెట్టుకోండి" అని లేచి పూజగదిలోనికి పోయెను. కోడలు తెల్లబోయెను. అత్తగారి మనసు నొచ్చినదని ఆమెకు తెలిసినది. ఏల నొచ్చినదో తెలియలేదు.

మాకు తెలియును. 1976వ సంవత్సరమున మా పుట్టినూరి సంత మైదానములో డేరా సినిమా వెలసినప్పుడు, ఈ చిత్రమును అప్ప ప్రక్కన నేల టిక్కెట్టుపై కూర్చుండి మేమును చూచియుంటిమి. అప్పటికి మాకు పదియేండ్లు. ఒకే యంత్రము గనుక ఒక చుట్ట ముగిసి మరియొకటి ఎక్కించువరకు తెర నల్లబడి యుండెడిది. ఆ చీకటిలో అప్ప వెక్కి వెక్కి ఏడ్చుట మేము వింటిమి. ఒడిలో ఎనిమిది నెలల పిల్లవాడు. ఆ యేడాదియంతయు ఆమె అత్తవారింట గాక పుట్టినింటనే యుండెను. ఎవరో ఏదో అన్న మాటపై పంపివేసిరి. ఆ మాట అబద్ధమని తేలిన పిదప తీసికొనిపోయిరి. ఆ సంగతి మరల ఆ యింట నెవరును ఎత్తలేదు. ఇరువదియేండ్లుగా ఒకే వంటింట మెలగుచున్న కోడలికి కూడ ఆమె చెప్పలేదు. చెప్పవలసినది ఆమెయే గాని మేము కాదు గనుక మేమును ఊరకుంటిమి.

ఆ రాత్రి మాకు కలిగిన యాలోచన యిది. కోడలు కోపించినది కథలోని యన్యాయమునకు. అత్తగారు ఏడ్చినది ఆ యన్యాయమును మోయుచున్న ముఖమును చూచి. ఇద్దరును తమతమ వంతు సరిగనే చూచిరి. కాని, ఒకరు చూచినది మరియొకరికి కనబడలేదు. పాత చిత్రములను గూర్చి మన యిండ్లలో జరుగు వాదములు చాలవరకు ఇట్టివే. నటనను మెచ్చుట వేరు, కథ చెప్పు నీతిని ఒప్పుకొనుట వేరు. ఈ రెంటిని విడదీసికొనగలిగిన నాడు ఆ చిత్రములు మనకు చేరువ యగును.

మరునాటి యుదయమున కోడలు మాతో మధుకేశ్వరాలయమునకు వచ్చెను. గోడలపైని శిల్పములను చూచుచు, "పిన్నీ, అత్త ఆ బొమ్మలో ఏమి చూస్తాదో నాకు తెలియదు. నాకేమో అందరూ అరిచినట్టు ఉంటాది" అనెను. మేము ఆమెను ఒక ద్వారము ప్రక్కనున్న బొమ్మ యెదుట నిలిపి, "ఈ రాయి మాటాడదు గదా, దీనికి సంతోషమో దుఃఖమో నీకెట్లు తెలిసినది?" అని యడిగితిమి. ఆమె కొంతసేపు చూచి, "మెడ వంపులో" అనెను. సినిమా చూచుటకు ఇంతకంటె వేరు చదువు అక్కరలేదు. మాట యేమని వినుటకు ముందు మెడ, చేతులు, కన్నులు ఏమనుచున్నవో చూడవలెను. చక్రతీర్థ స్నానము వరకు మేము అక్కడనే యుండదలచితిమి గనుక, ఆ దినములలో రాత్రికొక చిత్రము చొప్పున ఇద్దరము కూర్చుండి చూచితిమి. అప్పయు వచ్చి మంచముపై కూర్చుండెడిది.

"అరిచినట్టు ఉంటాది" అను మాట పూర్తిగా అబద్ధము కాదు. దానికి కారణము కలదు. ఆ దశకమునాటి నటులలో పెక్కుమంది నాటకరంగమునుండి వచ్చినవారు. వెనుకబల్లపై కూర్చున్నవానికి కూడ మాట వినబడవలెను, చేయి కనబడవలెను అను క్రమశిక్షణలో వారు పెరిగిరి. మన ఉత్తరాంధ్రము ఈ విద్యకు పుట్టినిల్లు వంటిది. గురజాడవారి "కన్యాశుల్కము" తొలిసారి ప్రదర్శింపబడినది 1892 సంవత్సరమున, విజయనగరముననే. ఆ నాటకమునే దశాబ్దముల తరువాత ఊరూర ఆడి పేరొందిన సోదరులు జె. వి. సోమయాజులుగారును, జె. వి. రమణమూర్తిగారును. అన్నగారు రామప్పపంతులు, తమ్ముడుగారు గిరీశము. వారి జన్మస్థలము శ్రీకాకుళము జిల్లాలోని లుకలాం అగ్రహారము. ఈ మాట చెప్పగనే కోడలు ఆశ్చర్యపడి, "మా బడి పిల్లలు ఆ ఊరినుంచి కూడా వస్తారే!" అనెను.

అందుచేత రెండవ రాత్రి "శంకరాభరణము" పెట్టుకొంటిమి. 1979లో తయారై 1980 ఫిబ్రవరి 2వ తేదీన విడుదలయైన యీ చిత్రము డెబ్బదవ దశకమునకు మంగళహారతి వంటిది. దర్శకులు కె. విశ్వనాథ్‌గారు కథానాయకుని పాత్రకు ఆనాటి ప్రసిద్ధ తారలలో నెవ్వరిని గాక, ఏబదియేండ్లు దాటిన డిప్యూటీ కలెక్టరు సోమయాజులుగారిని ఎన్నుకొనిరి. నాటకములలో అంత బిగ్గరగా పలికిన యా మనుష్యుడు ఇందులో ఎంత తక్కువ కదలునో చూడుడు. నడకలోని నిదానము, ఉత్తరీయము సవరించుకొను తీరు, కోపము వచ్చినప్పుడు ముందు కన్నులలోనికి వచ్చి పిమ్మట గొంతులోనికి దిగుట: ఇదియంతయు రంగస్థలమున నేర్చిన విద్యయే. కాని, కెమెరా దగ్గర నున్నదని తెలిసి తగ్గించుకొనిన విద్య. పాటలందు గొంతు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారిది; సంగీతము కె. వి. మహదేవన్‌గారిది, శరీరము మాత్రమే సోమయాజులుగారిది. ఐనను ఊపిరి తీసికొనుటలో, కంఠనాళము బిగియుటలో, ఆ పాట ఆయన లోపలినుండియే వచ్చుచున్నట్లు మనము నమ్ముదుము. గాయనీగాయకులు బాలసుబ్రహ్మణ్యముగారును వాణీజయరాంగారును, సంగీత దర్శకులు మహదేవన్‌గారును ఈ చిత్రమునకే జాతీయ బహుమతులందిరి.

ఇక తులసి పాత్ర ధరించిన మంజుభార్గవిని చూడుడు. ఆమెకు మాటలు మిక్కిలి కొద్ది. ఆమె నర్తకి గనుక, గౌరవమును భయమును పాదముల నడకలోను, వాల్చిన రెప్పలలోను చూపినది. ఒక ఘట్టమున మేము ధ్వనిని పూర్తిగా తగ్గించితిమి. కోడలు రెప్పవేయక చూచి, "ఇప్పుడు ఇంకా బాగా వినబడుతున్నాది" అనెను. అప్ప మంచముమీద నుండి చిన్నగా నవ్వెను.

మూడవ రాత్రి మరల "ముత్యాలముగ్గు"ను కోడలే కోరినది. ఈమారు ఆమె కథను విడిచి మనుష్యులను చూచినది. కాంట్రాక్టరు పాత్ర ధరించిన రావు గోపాలరావుగారు కూడ రంగస్థలమునుండి వచ్చినవారే. అంతకుముందు మన చిత్రములలో దుష్టుడనగా కన్నులురుమువాడు, వికటముగా నవ్వువాడు. ఈయన గొంతు పెంచడు. పెండ్లి పెద్దవలె మర్యాదగా, ముళ్ళపూడి వెంకటరమణగారు వ్రాసిన మాటలను నమలి నమలి పలుకుచు, ఘోరమైన పనులు నిర్ణయించును. మంచి మాటల మాటున చెడ్డతనము ఇంటిలోనికి ఎట్లు ప్రవేశించునో ఆడువారికి చెప్పనక్కరలేదు. కనుకనే ఆ పాత్ర నేటికిని మనలను భయపెట్టును. ఎదుట, నాయికగా సంగీతగారి నెమ్మదితనము. స్టూడియో గోడలు విడిచి పల్లె వెలుగులలో ఆ ముఖమును పట్టిన ఇషాన్ ఆర్యగారికి జాతీయ బహుమతి వచ్చినది. తెలుగులో ఆ యేటి ఉత్తమ చిత్రముగా ప్రభుత్వము ఎన్నుకొన్నదియు దీనినే.

ఘట్టము వచ్చెను. కోడలు ఏమియు అనలేదు. కొంతసేపటికి, "నేను అన్నది తప్పు కాదు పిన్నీ. ఆవిడ అడగవలసిందే. కానీ అడగనివ్వని ఇల్లు అది. ఆ సంగతి ఆవిడ మొహంలో ఉన్నాది. మొన్న నేను చూడలేదు" అనెను. ఇంతకంటె మంచి విమర్శను మేము పత్రికలలో అరుదుగా చదివితిమి.

నాలుగవ రాత్రి అత్తాకోడండ్ర పాత్రలు తారుమారయ్యెను. 1976లో కె. బాలచందర్‌గారు తీసిన "అంతులేని కథ" చూచితిమి. జయప్రద ధరించిన సరిత ఇంటినంతను ఒంటిరెక్కపై పోషించు ఉద్యోగిని. తండ్రి సన్యాసులలో కలిసెను, అన్న తాగుబోతు, సంపాదన ఆమెది, తినువారు పదిమంది. ఆమె నోరు కఠినము. "ఇంత పెంకితనమేమమ్మా!" అని అప్ప మొదట విసుగుకొనెను. కోడలు మాత్రము తన ముఖము తానే అద్దమున చూచుకొన్నట్లు కూర్చుండెను. నెలజీతము తెచ్చి యింటనిచ్చు స్త్రీ యెందుకు కఠినముగా మాటాడునో, ఆ మాట వెనుక ఎంత యలసట యుండునో జయప్రద భుజములు చెప్పుచుండెను. ఈసారి చూడనేర్చినది అప్ప. తుదకు సరిత తన సుఖమును మరల వాయిదా వేసి ఉద్యోగమునకే బయలుదేరునప్పుడు, అప్ప లేచి పోయి కోడలికి ఒక గ్లాసు మజ్జిగ కలిపి తెచ్చి యిచ్చెను. ఎవరును ఏమియు అనలేదు.

ఆ దశకమున ఇట్టివి ఇంకను కలవు. "మాయాబజారు"లో ఘటోత్కచుడై తెరను నింపిన ఎస్. వి. రంగారావుగారు 1973లో "తాతామనవడు"న సొంతయింట బరువైపోయిన వృద్ధుడైరి. ఆ మరుసటి యేడే పరమపదించిరి. 1955నాటి "కన్యాశుల్కము" చిత్రములో మధురవాణిగా మెరసిన సావిత్రిగారు 1979లో "గోరింటాకు"న కథానాయకుని తల్లిగా కనబడిరి. తారగా కీర్తి శిఖరమెక్కిన స్త్రీ ముదిమిలో ఏ యలంకారమును లేని ముఖముతో నిలుచుటకు ఎంత ధైర్యము కావలెనో యోచింపుడు. శారదగారు "నిమజ్జనము" చిత్రమునకు మూడవమారు జాతీయ ఉత్తమనటి బహుమతి నందిరి. మన సముద్రతీరమును చూడగోరువారు 1978నాటి "మరో చరిత్ర" చూడవలెను. విశాఖపట్టణము, భీమునిపట్టణము అందులో రెండు పాత్రలవలె నుండును.

ఐనను ఆనాటి చిత్రములన్నియు రత్నములని మేము చెప్పము. కథతో సంబంధములేని పోరాటములు, ఆడువారిని వెక్కిరించు హాస్యము, భార్యను కొట్టిన భర్తను తుది చుట్టలో క్షమింపించి మంగళము పాడుట: ఇవి ఆ కాలమున నిండుగ కలవు. వానిని పిల్లలకు చూపినప్పుడు, "ఇది తగదు" అని పెద్దలే ముందుగా చెప్పవలెను. అట్లు చెప్పిన మాత్రమున నటుని గొప్పతనము తగ్గదు. చెప్పకున్నచో పిల్లలు కథతోపాటు నటనను కూడ పారవేయుదురు.

అనుభవముచే తెలిసికొన్న కొన్ని సంగతులు చెప్పెదము. మొదటిది, చిత్రమును ఫోనులో గాక ఇంటనున్న పెద్ద తెరపై చూడవలెను. 1974నాటి "అల్లూరి సీతారామరాజు" తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రము; వెడల్పైన తెరకై తీసిన కొండలను, జనమును అరచేతిలో చూచిన చీమలబారు వలె కనబడును. రెండవది, ఒక్క రాత్రిలో ముగింపవలెనను పట్టుదల వలదు. ఆ చిత్రములకు మధ్య విశ్రాంతి యుండెడిది. మీరును సగమొకనాడు, సగమొకనాడు చూడవచ్చును. మూడవది, నచ్చిన ఘట్టమును ఒకమారు ధ్వని తగ్గించి చూడుడు. నాలుగవది, మొదటి యరగంట ఓర్పు వహింపుడు. కొత్త చుట్టమునకు అలవాటుపడుటకు కూడ కొంత సమయము పట్టును గదా. ఐదవది, చూచునంతసేపు ఇంటిలోని స్త్రీలందరును కూర్చుండునట్లు వంటపని ముందే పంచుకొనుడు. సగము చిత్రము వంటింటి గుమ్మమునుండి చూచిన తరమువారు వారు. ఇకనైనను పూర్తిగా చూడనిండు. అన్నిటికంటె ముఖ్యమైనది, చిత్రము ముగిసినంతనే బాగున్నదా, బాగులేదా యని తీర్పు చెప్పక, ఇంటి పెద్దలను ఒక మాట యడుగుడు: "దీనిని మీరు మొదట ఎక్కడ చూచితిరి? ఎవరితో చూచితిరి?"

ఈ యుపాయమును మాకు నేర్పినది కోడలే. చక్రతీర్థ స్నానమునాడు వంశధార యిసుకలో జనము కిటకిటలాడుచుండెను. ఒడిస్సానుండి వచ్చిన యాత్రికులు కుటుంబములతో మునుగుచుండిరి. తడిచీరలు ఆరవేసి ముగ్గురము ఇసుకపై కూర్చున్నప్పుడు, కోడలు ఊరక అడిగినట్లు, "అత్తా, ముత్యాలముగ్గు నువ్వు మొదట ఎక్కడ చూసినావు?" అనెను.

అప్ప నదివైపు చూచుచు కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "మా కన్నవారి ఊళ్ళో, డేరాలోనమ్మా. నీ పెనిమిటి అప్పుడు నా ఒళ్ళో ఉన్నాడు" అనెను.

"సంటిపిల్లడితో అత్తవారింట ఉండక కన్నవారి ఊళ్ళో ఎందుకున్నావత్తా?"

మేము లేచి, ఆరిన చీరలు మడతపెట్టు నెపమున నాలుగడుగులు దూరముగా పోయితిమి. చాలసేపటి తరువాత తిరిగి చూడగా, ఇద్దరును అట్లే కూర్చుండియుండిరి. అప్ప మాటాడుచుండెను. కోడలు ఆమె ముఖమునే చూచుచు వినుచుండెను.